పాత డీజిల్ పికప్‌కు రెండో ట్యాంకు: ముందుగా చూడవలసింది రిటర్న్ పైపు

పాత పికప్‌కు రెండో డీజిల్ ట్యాంకు పెట్టించాలనుకునేవారు సాధారణంగా మొదట అడిగేది ఎన్ని లీటర్లది పెట్టించవచ్చు అని. నా దృష్టిలో అది చివరగా తేల్చుకోవలసిన సంగతి. ఇంజిన్ తాను వాడుకోకుండా వెనక్కి పంపే డీజిల్ ఏ ట్యాంకులో పడుతుంది, ఖాళీ అవుతున్న ట్యాంకులోకి గాలి ఏ దారిన వస్తుంది, ఆ ట్యాంకు ఛాసిస్‌లో, అంటే బండి అడుగున ఉండే ఇనుప చట్రంలో, ఏ చోట కూర్చుంటుంది అన్న మూడు విషయాలు తేలితే, ఎన్ని లీటర్లన్నది దానంతట అదే తేలిపోతుంది. మా పాత టాటా పికప్‌కు ఈ పని బెంగళూరులోనే చేయించాను కనుక, అప్పుడు ఆలోచించినవీ చేయించినవీ వివరంగా రాస్తున్నాను.

హొసకోటె వైపు నర్సరీల నుంచి దానిమ్మ, బొప్పాయి మొక్కలు ఎత్తుకుని బాగేపల్లి మీదుగా అనంతపురం, కడప పల్లెల్లోని తోటలకు చేర్చడం మా పని. కర్ణాటకలో కంటే ఆంధ్రప్రదేశ్‌లో డీజిల్ ధర ఎక్కువ కాబట్టి, ఈ దారిలో తిరిగే బండ్లు సరిహద్దు దాటకముందే ట్యాంకు నింపుకుంటాయి. అయితే రాను పోను దూరానికీ, తోటల మధ్య మట్టిదారుల్లో తిరగడానికీ ఒక్క ట్యాంకు చాలదు. చాలామంది ప్లాస్టిక్ క్యాన్లలో డీజిల్ పట్టుకుని తొట్టిలో సరుకు పక్కన పెట్టుకుంటారు. ఆ క్యాన్లు ఎండకు ఉబ్బడం, మూత దగ్గర కారడం, దారి పక్కన గరాటుతో పోస్తుంటే దుమ్ము కూడా లోపలికి పోవడం నేను ఎన్నోసార్లు చూశాను. క్యాన్లతో పోలిస్తే సరిగ్గా అమర్చిన రెండో ట్యాంకు అన్ని విధాలా మేలైనదని నా నమ్మకం.

చట్టం సంగతి ముందే చూసుకోవాలి. 1934 నాటి పెట్రోలియం చట్టం 9వ సెక్షన్ ప్రకారం వాహనానికి అమర్చిన ట్యాంకులోని ఇంధనానికీ, అదే వాహనం నడవడానికి అదనంగా ఉంచుకునే 100 లీటర్ల వరకు ఇంధనానికీ విడిగా లైసెన్సు అక్కర్లేదు. చిక్కు వచ్చేది మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్‌తో. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వాటికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదని ఆ సెక్షన్ చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దానిని గట్టిగా సమర్థించింది. ట్యాంకు పెడితే బండి ఖాళీ బరువు పెరుగుతుంది కనుక, పని మొదలుపెట్టకముందే ఆర్టీవో కార్యాలయంలో లిఖితపూర్వకంగా అడగడం, బీమా సంస్థకు తెలియజేయడం తప్పనిసరి. అనుమతి రాకపోతే ఈ పని మానుకోవాలని నిస్సంకోచంగా చెబుతాను. వాణిజ్య వాహనానికి ఎఫ్‌సి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) సమయంలో వచ్చే ఇబ్బంది ఒక ఎత్తయితే, ప్రమాదం జరిగినప్పుడు బీమా నిలవకపోవడం అంతకంటే పెద్ద నష్టం.

ఇక ట్యాంకు ఎక్కడ పెట్టాలన్నది. అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ 1973 నుంచి 1987 వరకు తయారుచేసిన పెద్ద పికప్‌లలో ఇంధన ట్యాంకులను ఛాసిస్ పట్టాలకు బయట, బండి పక్క భాగంలో అమర్చింది. రెండు ట్యాంకులు కోరుకున్నవారికి చెరోపక్క ఒకటి వచ్చేది. పక్కనుంచి మరో వాహనం గుద్దినప్పుడు ట్యాంకు పగిలి మంటలు లేచాయన్న ఫిర్యాదులపై ఆ దేశ రవాణా శాఖ విచారణ జరిపింది. 1994 డిసెంబరులో ఆ సంస్థ భద్రతా కార్యక్రమాలకు 5 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చేలా ఒప్పందం కుదిరి ఆ విచారణ ముగిసింది. అవి పెట్రోలు బండ్లు, డీజిల్ అంత తేలికగా అంటుకోదు. అయినా ఆ ఉదంతం నేర్పే పాఠం మన బండ్లకూ వర్తిస్తుంది: ట్యాంకుకు బయటివైపు ఛాసిస్ పట్టా ఉండాలి, పట్టాకు బయటివైపు ట్యాంకు ఉండకూడదు.

ఇక్కడి గ్యారేజీల్లో ఎక్కువగా వినిపించే సలహా స్టెప్నీ వేలాడే చోట ట్యాంకు పెట్టి, స్టెప్నీని తొట్టిలోకి మార్చమనడం. అది నాకు నచ్చలేదు. వెనక నుంచి లారీ తగిలితే మొదట నలిగేది ఆ చోటే. పైగా తోటల్లో గట్లు దిగేటప్పుడు నేలకు రాసుకునేదీ అదే. మేము వెనక ఇరుసుకు ముందు, రెండు పట్టాల మధ్య, సైలెన్సర్‌కు ఎదురు పక్కన ఉన్న ఖాళీని ఎంచుకున్నాం. ఆ చోట జాగ్రత్త పడవలసింది ప్రొపెల్లర్ షాఫ్ట్ విషయంలో, అంటే ఇంజిన్ వైపు నుంచి వెనక ఇరుసుకు తిప్పుడు అందించే పొడవాటి కడ్డీ విషయంలో. బండి ఖాళీగా నిలబడి ఉన్నప్పుడు కొలత తీసుకుంటే సరిపోదు. పూర్తి బరువుతో గుంతలో పడినప్పుడు కమాన్లు (స్ప్రింగు పట్టీలు) అణిగి ఇరుసు పైకి లేస్తుంది, దానితోపాటు షాఫ్ట్ కూడా లేస్తుంది. అందుకే నిండు లోడుతో కొలతలు తీయించాను. షాఫ్ట్ కొసన ఉండే క్రాసు అనే కీలు విరిగితే అది విసురుగా తిరుగుతూ ట్యాంకును కొట్టకుండా చుట్టూ ఒక ఇనుప పట్టీ కూడా వేయించాను.

ఆ ఖాళీలో 75 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 20 ఎత్తు గల పెట్టె సరిపోయింది. లెక్క వేస్తే సరిగ్గా 60 లీటర్లు. రెండు మిల్లీమీటర్ల ఇనుప రేకుతో చేస్తే రేకు బరువే 16, 17 కిలోలు. లీటరు డీజిల్ సుమారు 830 గ్రాములు తూగుతుంది కాబట్టి, నిండా పోసిన ట్యాంకు బిగింపు పట్టీలతో కలిపి దాదాపు 70 కిలోలు అవుతుంది, సరుకులో అంత తగ్గించుకోక తప్పదు. పీణ్యలో రేకు పని చేసే మేస్త్రి, తుప్పు పట్టదన్న ఉద్దేశంతో జీఐ రేకు వాడదామన్నారు. దానికి నేను ఒప్పుకోలేదు. ఆ రేకుపై ఉండే జింకు పూత డీజిల్‌లోని ఆమ్లాలతో కలిసి సబ్బు వంటి పదార్థంగా మారి ఫిల్టరులోనూ, ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లలోనూ పేరుకుంటుంది. పూత లేని మామూలు ఇనుప రేకు, బయట మాత్రం మంచి పెయింటు, లోపల డీజిల్ ఊగిపోకుండా రంధ్రాలున్న రెండు అడ్డు రేకులు చాలు. పాత ట్యాంకును కోసి వెల్డింగ్ చేసి వాడుకోవడం మాత్రం ఎవరూ చేయకూడదు. ఖాళీగా కనిపించే పాత ట్యాంకులో మిగిలిన ఆవిరి నిప్పురవ్వ తగిలితే పేలి మనిషి ప్రాణం తీస్తుంది.

వెల్డింగ్ అతుకులు కారుతున్నాయో లేదో చూడటానికి టైర్లకు కొట్టే గాలిని నేరుగా ట్యాంకులోకి పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. చదరపు సెంటీమీటరుకు 2 కిలోల ఒత్తిడి అయితే 75 బై 40 ముఖం మీద పడే బలం 6,000 కిలోలు. రేకు ఉబ్బిపోతుంది, అతుకు చీలవచ్చు కూడా. అందులో పదోవంతు ఒత్తిడి పెట్టి సబ్బు నీళ్లు పూస్తే బుడగలు స్పష్టంగా కనిపిస్తాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంజిన్‌కు కలిపే పద్ధతి. డీజిల్ ఇంజిన్‌లో పంపు ట్యాంకు నుంచి లాగే డీజిల్ అంతా కాలిపోదు. కొంత భాగం పంపును చల్లబరచి, నాజిళ్ల దగ్గర మిగిలినదానితో కలిసి, రిటర్న్ పైపు ద్వారా ట్యాంకుకు తిరిగి వస్తుంది. ఆడుగోడిలోని మైకో కర్మాగారం 1950ల నుంచి నాజిళ్లకు డీజిల్ తోసే ఈ ఇంజెక్షన్ పంపులు తయారుచేసిన ఊరు బెంగళూరు కావడం వల్ల, 2008లో ఆ సంస్థ పేరు బాష్‌గా మారినా, ఇక్కడి పాత మేస్త్రీలు ఈ పంపును ఇప్పటికీ మైకో పంపు అనే అంటారు. ఆ పంపు లోపలి సంగతి వారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని నా అభిప్రాయం. రిటర్న్ గురించి నాకు మొదట విడమరచి చెప్పింది కళాసిపాళ్యలో ఉన్న అలాంటి మేస్త్రి ఒకరే.

రెండు ట్యాంకుల మధ్య ఒక కుళాయి పెట్టి, లాగే పైపును మాత్రమే ఇటూ అటూ తిప్పేలా చేశారనుకుందాం. రెండో ట్యాంకు నుంచి ఇంజిన్ లాగుతుంది, కానీ రిటర్న్ మొదటి ట్యాంకులోనే పడుతూ ఉంటుంది. మొదటి ట్యాంకు అప్పటికే నిండుగా ఉంటే మూత దగ్గర పొంగి రోడ్డు మీద కారుతుంది. తడి డీజిల్ మీద వెనక వచ్చే ద్విచక్ర వాహనం జారితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. కాబట్టి కుళాయి పద్ధతి కావాలంటే లాగే పైపూ రిటర్న్ పైపూ రెండూ ఒకేసారి మారే ఆరు పైపులు కలిసే వాల్వు ఉండాలి. అది కూడా పూర్తి భరోసా ఇవ్వదు. రెండు ట్యాంకుల ఫోర్డ్ పికప్‌లలో రిటర్న్ ఇంధనం తప్పుదారిన రెండో ట్యాంకులోకి పోయి పొంగే అవకాశం ఉందని 1990ల తొలినాళ్లలో ఆ సంస్థే బండ్లను వెనక్కి పిలిపించి సరిచేయవలసి వచ్చింది. కర్మాగారంలో అమర్చినదానికే ఆ ఇబ్బంది వస్తే, అరిగిన పాత బండికి గ్యారేజీలో అమర్చేదాని గురించి ఎంత జాగ్రత్త పడాలి?

అందుకే ఇంజిన్ పైపులను అసలు ముట్టుకోని పద్ధతి ఎంచుకున్నాను. ఇంజిన్ ఎప్పటిలాగే మొదటి ట్యాంకు నుంచి లాగుతుంది, రిటర్న్ కూడా అందులోకే వస్తుంది. రెండో ట్యాంకులోని డీజిల్‌ను చిన్న 12 వోల్టుల పంపు మొదటి ట్యాంకులోకి తోస్తుంది. ఆ పంపు పాడైనా బండి ఆగదు, లైనులో గాలి పట్టదు. ఇందులో ఉన్న ముఖ్య ప్రమాదం, స్విచ్చు వేసి మరచిపోతే మొదటి ట్యాంకు పొంగడం. దానికి పంపు నిర్ణీత సమయం తర్వాత తానే ఆగేలా టైమర్ రిలే పెట్టించాను. మీటరు పావుకు దిగిన తర్వాతే స్విచ్చు వేస్తాము, ఒక విడతలో సగం ట్యాంకుకు మించి ఎక్కదు. పంపు ఆగిన తర్వాత కూడా ఎత్తున ఉన్న ట్యాంకు నుంచి పల్లానికి డీజిల్ తనంతట తానే పారే వీలుంది. బండి ఏటవాలు నేల మీద నిలబడినప్పుడు ఇది జరుగుతుంది. ఒకే దిక్కుకు పారనిచ్చే వాల్వు దీన్ని ఆపదు, ఎందుకంటే ప్రవాహం అది అనుమతించే దిక్కుకే. కరెంటు ఉన్నప్పుడు మాత్రమే తెరుచుకునే సోలెనాయిడ్ వాల్వు పెడితేనే ఆగుతుంది. పంపుకు ముందు జాలీ, బ్యాటరీకి దగ్గరలో ఫ్యూజు, తాళం తిప్పితేనే కరెంటు వచ్చేలా రిలే ఉండాలి.

గాలి దారిని మన దగ్గర చాలామంది పట్టించుకోరు. ఒక లీటరు డీజిల్ బయటికి పోతే ఒక లీటరు గాలి లోపలికి రావాలి. రాకపోతే పంపు లాగలేక మూలుగుతుంది, పలుచటి ట్యాంకు లోపలికి సొట్టపోతుంది. బంకులో నింపేటప్పుడు దీనికి విరుద్ధంగా జరుగుతుంది: డీజిల్ వేగంగా పడుతుంటే లోపలి గాలి అంతే వేగంగా బయటికి పోవాలి. గాలి రాకపోకల కోసం పెట్టే సన్నటి బ్రీదర్ పైపు ఒక్కటే ఉంటే నురుగు ఎగదన్ని పోసేవారి చేతుల మీద పడుతుంది. అందుకని ట్యాంకు పైభాగం నుంచి పోసే గొట్టం మెడ వరకు అర అంగుళం పైపు ఒకటి విడిగా ఉండాలి. బ్రీదర్ పైపును క్యాబిన్ వెనక ఎత్తుగా తీసుకెళ్లి కొసను కిందికి వంచితే వంకలు దాటేటప్పుడు నీళ్లు చేరవు. బండి బోల్తా పడితే మూసుకునే చిన్న వాల్వు దానికి తప్పక ఉండాలి.

డీజిల్ వేడికి వ్యాకోచిస్తుంది కూడా. భూగర్భ ట్యాంకు నుంచి చల్లగా వచ్చిన 57 లీటర్లు అనంతపురం ఎండలో 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు ఒక లీటరు పెరుగుతాయి. ఎంత గట్టిగా నింపినా పైన కొంత ఖాళీ మిగిలేలా, పోసే గొట్టాన్ని ట్యాంకు పైఅంచుకు కాస్త కింద అతికించాము. డ్రైవరు గుర్తుపెట్టుకోవాలన్న షరతు మీద ఆధారపడకుండా ట్యాంకు ఆకారంతోనే ఆ పని జరిగిపోవడం నాకు ఎంతో నచ్చిన అంశం.

మీటరు విషయంలో ఒక మాట. ట్యాంకులో డీజిల్ మట్టాన్ని బట్టి లేచి దిగే ఫ్లోటు ఇచ్చే ఓముల (విద్యుత్ నిరోధం) విలువ డ్యాష్‌బోర్డు మీటరుకు సరిపోవాలి. లేకపోతే నిండు ట్యాంకు సగమని చూపిస్తుంది. మేము జేసీ రోడ్డులో ఫ్లోటునూ దానికి జతయిన చిన్న మీటరునూ కలిపే కొన్నాం, పాత మీటరును కదిలించలేదు.

అమర్చిన కొత్తలో ట్యాంకులో మిగిలిన వెల్డింగ్ పొట్టు కొట్టుకొస్తుంది కాబట్టి, పంపు ముందు జాలీని త్వరగా విప్పి కడగాలి, ఇంజిన్ డీజిల్ ఫిల్టరును కూడా మామూలు గడువుకంటే ముందే మార్చాలి. రెండో ట్యాంకును అవసరానికని నెలల తరబడి నింపి ఉంచడం మంచిది కాదు. వానాకాలంలో గాలిలోని తేమ లోపల నీరుగా మారి అడుగుకు చేరుతుంది, ఆ నీటికీ డీజిల్‌కూ మధ్య జిగురు వంటి బూజు పెరుగుతుంది. ప్రతి వారం కొంతైనా వాడి మళ్లీ నింపుతూ, అడుగున ఉన్న డ్రెయిన్ బోల్టును వానాకాలమంతా అప్పుడప్పుడు వదులు చేసి గాజు సీసాలోకి కాస్త పట్టి చూస్తే, నీరు ఉంటే అడుగున విడిగా కనిపిస్తుంది. డీజిల్ ఒక్కటే వచ్చేవరకు వదిలి బోల్టు బిగించాలి.