గచ్చు మీద ఆడనంది

"గచ్చు మీద అడుగులు వెయ్యను అమ్మమ్మా, కాలి ఎముక నొప్పెడుతుంది." విజయనగరంలో మా అమ్మ ఇంట్లో, కూచిపూడి చూద్దామని వచ్చి కూర్చున్న చుట్టాల ముందు మా పాప అన్న మాట ఇది. పదమూడేళ్ళది. అమ్మ మొహం చిన్నబోయింది. "అమెరికా గుంటలకి అన్నీ నొప్పులే" అనేసింది మా పెద్దమ్మ. నాకైతే పాప మాటే సబబనిపించింది.

కిందటేడు పాప ఉన్నట్టుండి పొడుగైంది. ఆ వయసులో ముందు ఎముకలు సాగుతాయి, కండ బలం తర్వాత మెల్లగా అందుకుంటుంది. మోకాళ్ళు పక్కలకి మడిచి సగం కూర్చునే భంగిమ, అరమండి, అంతవరకూ సులువుగా నిలిచింది కాస్తా అప్పుడే తడబడుతుంది. ప్రోగ్రాములు, పోటీలు ఎక్కువయ్యేదీ అప్పుడే. మోకాలి కింద, ముందువైపు ఎముక వెంట నొప్పి మొదలైంది. ఫిజియోథెరపిస్టు పాపని అరమండిలో నిలబెట్టి, నన్ను వంగి చూడమంది. పాదాలు బాగా పక్కలకి తిరిగాయి, మోకాళ్ళు మాత్రం ముందుకే చూస్తున్నాయి, అరికాలి వంపు నేలకి అతుక్కుపోయింది. తిరగాల్సింది తుంటి దగ్గర. అక్కడ బలం చాలకపోతే పిల్లలు పాదాలు మెలితిప్పి ఆ భంగిమ తెచ్చేసుకుంటారు, ఆ మెలి భారం మోకాలి మీద పడుతుంది. ప్రేక్షకులకి అరమండి ముచ్చటగానే కనిపిస్తుంది.

ఆవిడ చేయించినవి పెద్ద విద్యలేం కావు. ఒంటికాలి మీద నిలబడి మడమ మెల్లగా లేపి, ఇంకా మెల్లగా దించడం. పక్కకి పడుకుని పై కాలు ఎత్తడం. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుము లేపడం. గెంతి దిగేటప్పుడు మోకాళ్ళు లోపలికి వాలకుండా, చప్పుడు కాకుండా దిగడం. వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో విడుపు ఇచ్చి. తీరు కుదిరాకే చేతికి చిన్న డంబెల్. క్లాసుకి ముందు కాళ్ళు లాగి పట్టుకుని కూర్చోకుండా నడక, చిన్న గెంతులతో ఒళ్ళు వేడెక్కించుకుని, సాగదీయడం క్లాసయ్యాక చెయ్యమంది.

డంబెల్ చూసి మా అమ్మకి టెన్షన్. "బరువులెత్తితే గుంట ఎదగదే!" ఈ భయం అమెరికాలో నాకు తెలిసిన తెలుగు తల్లులకీ ఉంది. తెలిసినవాళ్ళు దగ్గరుండి చేయించే బరువుల వ్యాయామం ఎదుగుదలని ఆపదని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2020లో కూడా రాసింది. అమ్మకి ఆ మాట ఎక్కలేదు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది కదా అన్నాను. "ఆవిడ డాన్సు చేసిందేటి?" అంది అమ్మ.

డాన్సుకే ఎక్కువ కావాలి ఆ బలం. మన వైపు తప్పెటగుళ్ళు ఆడేవాళ్ళని చూడండి. గుండెలకి రేకు తప్పెట కట్టుకుని, గజ్జెలతో గెంతుతూ, పాడుతూ, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కుతారు. గొర్రెల వెంట తిరిగి, పొలంలో వంగి లేచి గట్టిపడిన కాళ్ళు అవి. మా అమ్మ కూడా నూతిలో నీళ్ళు తోడి, నేల మీద కూర్చుని లేచిన మనిషే. మా పాపకి కారు, కుర్చీ, మళ్ళీ కారు. అందుకని ఆ బలం పనిగట్టుకుని పెంచాల్సిందే. పైగా ఇప్పుడు మన ఇళ్ళలో కాంక్రీటు మీద గ్రానైటు. వేసిన ప్రతి అడుగు దెబ్బా కాలికే తిరిగొస్తుంది. మంచి డాన్సు హాళ్ళలో కింద ఖాళీ వదిలి చెక్క పరిచేది అందుకే.

తిండి సంగతి కూడా చెప్పాలి. "డాన్సు చేసే పిల్ల సన్నగా ఉండాలి" అని ఆ పూటే ఒకావిడ అంది. నేను ఊరుకోలేదు. ఆడే ఆటకి తగ్గ తిండి లేకపోతే నెలసరి తప్పుతుంది, ఎముకలు బలహీనపడి సన్నటి పగుళ్ళు వస్తాయి. నెలసరి ఆగిపోతే ప్రాక్టీసు ఎక్కువైందిలే అని వదిలెయ్యకుండా డాక్టరుకి చూపించాలి.

ఇంతవరకూ ధైర్యంగా చెప్పగలను. ఆ తర్వాతే నాకు తేలడం లేదు. "ఇంకొంచెం కూర్చో" అని గురువుగారు అన్నప్పుడు తొడలు మండితే ఓర్చుకోవాలి. ఎముక మీద వేలు పెట్టి చూపించగలిగేలా ఒకేచోట నొప్పి, పడుకున్నా తగ్గని నొప్పి, కుంటు ఉంటే ఆపెయ్యాలి. తాళానికి అడుగులు వేసే జతులు మొదలయ్యాక పదమూడేళ్ళ పిల్లకి ఈ తేడా తెలుస్తుందా? లెక్కల హోంవర్కు దగ్గర "ఓపిక పట్టు" అనే నేను ఇక్కడ "ఆపెయ్" అంటే ఏ మాట నమ్మాలి? గురువుకి ఎదురు చెప్పకూడదని నేర్పిందీ నేనే. నొప్పి వచ్చిన రోజు పాప ఆ సంగతి కార్లో నాకు చెప్తుంది, గురువుగారికి చెప్పదు. నేను మాట్లాడితే పని అయిపోతుంది, కానీ రేపు నేను లేనిచోట పాప నోరు విప్పదు. తననే చెప్పమన్నాను, పక్కన ఉంటానన్నాను. "నువ్వు ముందే ఫోన్ చేసి చెప్పెయ్యవు కదా?" అని అడిగింది. చెయ్యనన్నాను. ఆ మాట మీద ఎన్నాళ్ళు నిలబడగలనో చూడాలి.