జట్టు కట్టాలంటే ముందు లైన్ చూడండి

అమెరికన్ కాలేజ్ ఫుట్‌బాల్‌లో డిసెంబర్‌లో హైస్కూల్ కుర్రాళ్ళ సంతకాలు మొదలయ్యాయంటే చాలు, ఏ యూనివర్సిటీకి ఎంతమంది ఫైవ్ స్టార్లు, అంటే అందరికంటే పై రేటింగ్ ఉన్నవాళ్ళు, దొరికారన్నదే గోల. ఆ లెక్క తీసిపారేసేది కాదు. కానీ ముందు చూడాల్సింది వేరే ఉంది: ఆఫెన్సివ్ లైన్‌కి, అంటే బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌కి ముందు గోడలా నిలబడే వరసకి, ఎంతమందిని తీసుకున్నారు? నలుగురికి తగ్గితే ఆ లోటు ఈ ఏడాది కనిపించదు, మూడో ఏడు బయటపడుతుంది.

ఈ లైన్‌లో మైదానంలో ఉండేది ఐదుగురే: చివర్లలో ఇద్దరు టాకిల్స్, లోపల ఇద్దరు గార్డ్స్, మధ్యలో ఒక సెంటర్. గాయాలకీ ప్రాక్టీసుకీ కలిపి పదిహేను మందైనా ఉండాలి. హైస్కూల్ నుంచి వచ్చే మంచి టాకిల్ 6 అడుగుల 5 అంగుళాలు, 265 పౌండ్లు, అంటే 120 కిలోలు ఉంటాడనుకుందాం. బిగ్ టెన్, ఎస్‌ఈసీ లాంటి పెద్ద లీగుల్లో నిలబడాలంటే 300 పౌండ్లు దాటాలి. దానికి రెండేళ్ళు పడుతుంది. తొందరపడి ఒక్క ఏడాదిలో మేపేస్తే ఒళ్ళొస్తుంది, కాళ్ళలో చురుకు పోతుంది. అంచు నుంచి దూసుకొచ్చే ఎదుటి జట్టు ఎడ్జ్ రషర్ అతన్ని చుట్టేసి క్వార్టర్‌బ్యాక్ మీద పడతాడు. అందుకే తెలిసిన కోచ్‌లు కుర్రాడి బరువు కంటే చేతుల పొడవు చూస్తారు, బాస్కెట్‌బాల్ ఆడుతుంటే వెళ్ళి ఆ అడుగులు చూస్తారు. బరువు పెంచొచ్చు, చేతులు పెంచలేం కదా!

మరి కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో కొనుక్కోవచ్చుగా అంటారు. 2018లో పోర్టల్ వచ్చింది, 2024 నుంచి ఎన్నిసార్లు మారినా ఏడాది ఆడకుండా కూర్చోవాల్సిన పని లేదు. 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో యూనివర్సిటీలే ఆటగాళ్ళకు నేరుగా డబ్బివ్వొచ్చు. తొలి ఏడాది అన్ని ఆటలకూ కలిపి పరిమితి దాదాపు 2.05 కోట్ల డాలర్లు. 85 స్కాలర్‌షిప్పుల హద్దు పోయి 105 మంది జట్టు వచ్చింది. అయినా మంచి టాకిల్‌ని ఏ కోచ్ వదులుకుంటాడు? పాస్ అందుకునే రిసీవర్లు, బంతితో పరిగెత్తే రన్నింగ్ బ్యాక్‌లు పోర్టల్‌లో బాగానే దొరుకుతారు, వచ్చిన ఏడాదే ఆడేస్తారు. డబ్బు అక్కడ పొదుపు చేసి, క్వార్టర్‌బ్యాక్ తర్వాత టాకిల్, ఎడ్జ్ రషర్ మీద పెట్టడమే తెలివైన పని.

పోర్టల్‌తో గెలవలేమని కాదు. 2023లో మూడు గెలిచి తొమ్మిది ఓడి మునిగిన ఇండియానా, కోచ్‌గా కర్ట్ సిగ్నెటీ వచ్చిన తొలి ఏడాదే 11 గెలిచి ప్లేఆఫ్‌కి వెళ్ళింది. ఆయన స్టార్లు కాదు, కాలేజీలో అప్పటికే ఎంత ఆడారో, ఏం సాధించారో చూశాడు. తన పాత జట్టు జేమ్స్ మాడిసన్ నుంచే 13 మందిని వెంటబెట్టుకొచ్చాడు. అసలు కిటుకు ఇక్కడుంది: వాళ్ళకి ఆయన పద్ధతి ముందే తెలుసు, కొత్తవాళ్ళకి నేర్పింది వాళ్ళే. ఇది చూసి ముప్పై చోట్ల నుంచి నలభై మందిని తెచ్చుకుంటే అంతే సంగతులు. బంతిని వెనక్కి అందించేలోపు (స్నాప్) సెంటర్ అరిచే పిలుపు పక్కనున్న గార్డ్‌కి అర్థం కాకపోతే ఇద్దరూ ఒకడినే అడ్డుకుంటారు, రెండోవాడు తిన్నగా లోపలికొచ్చేస్తాడు.

క్వార్టర్‌బ్యాక్ విషయంలో ఏటా హైస్కూల్ నుంచి ఒక్కడు చాలు. ఇద్దర్ని తెస్తే ఆ స్థానం కోసం పోటీలో ఓడినవాడు జనవరిలో పోర్టల్ తెరవగానే వెళ్ళిపోతాడు. ఆ రెండో స్థానానికి, బెంచి మీద కూర్చోవడానికి ఒప్పుకునే నాలుగో ఏడాది కుర్రాడిని ముందే మాట్లాడి పెట్టుకోవాలి.