మేపుల్ హిల్‌లో సందు వెతుక్కుంటూ

బయల్దేరే ముందు మా మేనల్లుడు తన డిస్క్ గోల్ఫ్ బ్యాగులోంచి పసుపు, నారింజ, ఎరుపు డిస్కులన్నీ, అంటే విసిరే ప్లాస్టిక్ బిళ్లలన్నీ, తీసి సోఫా మీద పడేశాడు. గులాబీ రంగువి, నీలంవి మాత్రం ఉంచాడు.

"అవెందుకురా తీసేశావు, బాగానే ఉన్నాయిగా" అన్నాను.

"అక్టోబరు కదా మావయ్యా. అడవంతా ఇప్పుడు అవే రంగులు. అందులో పడితే కాళ్ల దగ్గరున్నా కనపడవు" అన్నాడు.

మావాడు ఉండేది మసాచుసెట్స్‌లోని ష్రూస్‌బరీలో. నేను వెళ్లి అప్పటికి మూడు వారాలైంది. బోస్టన్ చూశాం, ఆష్‌లాండ్‌లో లక్ష్మీదేవి గుడికి రెండుసార్లు వెళ్లాం. వాడు మాత్రం ప్రతి శనివారం పొద్దున్నే బ్యాగు తగిలించుకుని వెళ్లి, మోకాళ్ల దాకా మట్టితో, మొహం నిండా సంతోషంతో తిరిగొచ్చేవాడు. నాలుగో శనివారం నేనూ వస్తానన్నాను. అంతకుముందు వారమంతా ఇంటి దగ్గరి మైదానంలో నా చేత విసిరించాడు. వారం తిరిగేసరికి డిస్కు 200 అడుగులు వెళ్తోంది. ఇంకేం, ఆట వచ్చేసిందనుకున్నాను.

దారిలో వూస్టర్ ఊరు దాటుతుంటే ఒక పేటలో రోడ్డుకు రెండు పక్కలా అన్నీ చిన్న చెట్లే కనిపించాయి. 2008లో ఇక్కడ ఆసియా నుంచి వచ్చిన పొడుగు మీసాల పురుగొకటి బయటపడిందట. మేపుల్ మానులంటే దానికి ప్రాణం. లోపల తొలుచుకుంటూ పోతుంది. అది పాకకుండా ఆపడానికి ఈ చుట్టుపక్కల 30 వేలకు పైగా చెట్లు కొట్టేశారు. మామిడి తోట ఉన్న ఇంట్లో పుట్టినవాణ్ణి, ఆ మాట వినగానే నాకు కడుపులో దేవినట్టయింది. ఇంకో పావుగంటకు లెస్టర్ కొండ ఎక్కాక, ఎర్రగా పండిన పెద్ద పెద్ద మేపుల్ చెట్లు కనపడితే గాని మనసు కుదుటపడలేదు.

మేపుల్ హిల్ నిజానికి క్రిస్మస్ చెట్ల తోట. వరసగా నాటిన పచ్చటి చెట్లు, చెరువులు, పక్కనే అడవి. అందులోనే 18 హోల్స్, అంటే 18 గమ్యాలున్న డిస్క్ గోల్ఫ్ కోర్సు. ఒక్కో హోల్‌కూ వేర్వేరు రంగుల టీ ప్యాడ్‌లు, అంటే విసరడం మొదలుపెట్టే చోట్లు. కొత్తవాళ్లకు దగ్గరివి, ఆరితేరినవాళ్లకు దూరానివి. ప్రొఫెషనల్ ఆటగాళ్ల ఎంవీపీ ఓపెన్ టోర్నమెంట్ జరిగేది ఇక్కడే. మేం అన్నిటికంటే దగ్గరివైన ఎర్ర ప్యాడ్‌ల నుంచి ఆడాం.

ఆట తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. గోల్ఫ్ లాంటిదే, కాకపోతే బంతికి బదులు డిస్కు, గుంతకు బదులు గొలుసులు వేలాడే ఇనుప బుట్ట. ఎన్ని తక్కువ విసుర్లలో బుట్టలో వేస్తే అంత గొప్ప. 1975లో కాలిఫోర్నియాలో మొదటి శాశ్వత కోర్సు వేసి, ఆ తర్వాత ఈ బుట్టను తయారుచేసినాయన ఎడ్ హెడ్రిక్. 2002లో ఆయన పోయాక, ఆయన కోరిక ప్రకారమే చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు చేశారని మావాడు చెప్పాడు. మనం గోదాట్లో కలిపినట్టు ఆయన్ని ఆయన ఆటలోనే కలిపేశారు. ఆ మాట ఆ రోజంతా నా వెనకే నడిచింది.

మొదటి హోల్ చెరువు దగ్గర, ఆకాశం కింద. అక్కడ బాగానే విసిరాను. ఆ తర్వాత అడవిలోకి దిగాం.

టీ ప్యాడ్ మీద నిలబడి ముందుకు చూస్తే నాకు చెట్లు తప్ప ఇంకేం కనపడలేదు. పైన్, ఓక్, బర్చ్, వాటి మధ్య చీకటి. బుట్ట ఎక్కడుందో మావాడు వేలు పెట్టి చూపిస్తే గాని తెలియలేదు. మైదానంలో విసిరినట్టే బలమంతా పెట్టి విసిరాను. "టక్" మని ఒక చప్పుడు. ఎండిన కొబ్బరికాయను రాతి మీద కొట్టినట్టు. డిస్కు ఇరవై అడుగుల అవతలి ఓక్ మానుకు తగిలి నా వెనక్కే వచ్చి పడింది. దగ్గరికెళ్లి చూస్తే ఆ మాను మీద నా ఛాతీ ఎత్తున చిన్న చిన్న నొక్కులు కుప్పలుగా ఉన్నాయి. కొన్ని పాతబడి నల్లగా, కొన్ని కొత్తవి తెల్లగా, తడిగా. నా నొక్కు ఏదో వెతికి వేలితో తడిమాను. ఎంతమంది ఇక్కడ నిలబడి ఇదే చెట్టును కొట్టారో.

"చెట్లను చూడకు మావయ్యా, సందును చూడు. ఎదురుగా ఎన్ని చెట్లున్నాయని లెక్కపెడితే చెయ్యి అటే పోతుంది" అన్నాడు.

అప్పుడు కూర్చోబెట్టి లెక్క చెప్పాడు. విసిరేటప్పుడు చెయ్యి 5 డిగ్రీలు పక్కకు పోయిందనుకో. 60 అడుగుల దూరం వెళ్లేసరికి డిస్కు దాదాపు 5 అడుగులు పక్కకు పోతుంది. మైదానంలో 5 అడుగులు ఒక లెక్కా? అదే అడవిలో, 60 అడుగుల అవతల పదడుగుల సందు ఉంటే, ఆ 5 అడుగులే నువ్వు లోపలికి వెళ్లావా, చెట్టుకు తగిలావా అన్నది తేలుస్తాయి. పైగా డిస్కు తిన్నగా పోయే వస్తువు కాదు. కుడిచేత్తో మామూలుగా, అంటే చెయ్యి ఛాతీ మీదుగా వెనక్కి తీసుకెళ్లి విసిరితే, వేగం తగ్గాక ఎడమకు వాలిపోతుంది. చేతిని పక్కకు తిప్పి, చెరువులో రాయిని కప్పగంతులు వేయించినట్టు విసిరితే కుడికి వాలుతుంది. కాబట్టి సందు కనపడటంతో పని అయిపోదు. ఆ సందు దాటాక దారి ఎటు తిరుగుతుందో చూసుకుని, అటు వాలే విసురును ఎంచుకోవాలి.

నా చేతిలోని డ్రైవర్‌ను, అంటే పదునైన అంచున్న వేగం డిస్కును, తీసుకుని బ్యాగులో పెట్టేశాడు. మందపాటి అంచున్న పట్టర్ ఇచ్చాడు. నెమ్మదిగా పోతుంది, కాని తిన్నగా పోతుంది. చెట్టుకు తగిలినా మరీ దూరం ఎగిరిపోదు. ఆ పూటంతా దానితోనే ఆడాను.

మా నాన్నగారి తోట నూజివీడు దగ్గర. చిన్నప్పుడు వేసవిలో మా పనల్లా చిటారు కొమ్మన ఉన్న రసాలను రాయితో కొట్టడం. కొమ్మల మధ్య అరచేయంత సందులోంచి రాయి పోవాలి, తొడిమకు తగలాలి. పక్క కొమ్మకు తగిలిందా, పిందెలు రాలాయా, నాన్న చేతిలో అయిపోయినట్టే. ఆ గురి నాకు ఉండేది. నలభై ఏళ్ల తర్వాత, ఈ కొండ మీద, నాలుగో హోలో ఐదో హోలో గుర్తులేదు, రెండు బర్చ్ మానుల మధ్య నుంచి గులాబీ డిస్కు చప్పుడు లేకుండా జారిపోయినప్పుడు ఆ గురి మళ్లీ నా వేళ్లలోకి వచ్చినట్టనిపించింది. బర్చ్ బెరడు తెల్లగా కాగితంలా ఉంటుంది. ఆ తెలుపుకు అటూ ఇటూ ఆనకుండా గులాబీ చుక్కొకటి వెళ్తూ వెళ్తూ చిన్నదైపోయింది. గట్టిగా అరిచాను. మావాడు నాకంటే గట్టిగా అరిచాడు.

అడవి ఉంటే చాలు ఆట బాగుంటుందనుకున్నాను. అది పొరపాటని మావాడే చెప్పాడు. వాడు ఇంతకుముందు వేరే ఊళ్లో ఆడిన ఒక కోర్సులో చెట్లను తీయకుండా నడుమ బుట్ట పాతేశారట. ఎంత గొప్పవాడు విసిరినా, ఎవడో కొత్తవాడు కళ్లు మూసుకుని విసిరినా ఒకటే ఫలితం. దేవుడి మీద భారం వేసి విసరడమే. అలాంటి చోట కష్టం ఉంటుంది గాని ఆట ఉండదు. ఇక్కడ అలా కాదు. ఎంత ఇరుకుగా ఉన్న హోల్ అయినా టీ ప్యాడ్ మీద ఓపిగ్గా నిలబడితే ఒక దారి కనిపిస్తుంది. ఒక్కోచోట రెండు. చెట్టుకు తగిలితే తప్పు నాదేనని నాకు తెలుస్తుంది, చెట్టును తిట్టబుద్ధి కాదు. నా దృష్టిలో అడవి కోర్సుకు ఇంతకంటే పెద్ద గుణం లేదు.

దాదాపు మధ్యలో ఉన్న ఒక హోల్ నాకు అన్నిటికంటే నచ్చింది. అడవిలో అడ్డంగా ఒక పాత రాతి గోడ ఉంది, మోకాలెత్తున, నాచు పట్టి. న్యూ ఇంగ్లండ్ అడవుల్లో ఎక్కడ చూసినా ఇలాంటి గోడలే. ఒకప్పుడు ఇవన్నీ పొలాలు. రైతులు దున్నేటప్పుడు బయటపడిన రాళ్లను గట్ల వెంట పేర్చారు. తర్వాత పొలాలు వదిలి పోతే అడవి తిరిగి పెరిగింది. ఎవరి గట్టో ఇప్పుడు మా ఆటకు గుర్తు. గోడ దాకా దారి తిన్నగా పోయి, అక్కడి నుంచి కుడికి మళ్లుతుంది. బుట్ట ఆ మలుపు అవతల. మొదటి విసురుతో గోడ దగ్గర సరిగ్గా ఆగితేనే రెండో సందు తెరుచుకుంటుంది. ఇరవై అడుగులు ముందే ఆగినా, ఇరవై అడుగులు ఎక్కువ పోయినా బుట్టకూ మనకూ మధ్య ఒక లావాటి హెమ్లాక్ చెట్టు అడ్డం. అంటే దూరం విసరగలిగినవాడు కూడా ఇక్కడ బలాన్ని ఆపుకోవాలి.

నేను ఎక్కువ విసిరాను. డిస్కు హెమ్లాక్ కింద దూరింది. ఆ చెట్టు కొమ్మలు నేల దాకా వంగి ఉంటాయి. కొమ్మను చేత్తో పక్కకు పట్టుకుని విసరబోయాను.

"వద్దు మావయ్యా, రూల్ ఒప్పుకోదు" అన్నాడు.

చెట్టును ఎంత తక్కువ కదిలిస్తే అలా నిలబడాలి తప్ప, చెయ్యి ఊపడానికి జాగా కోసం కొమ్మను వంచకూడదు, విరవకూడదు. అడవి ఎలా ఉందో అలాగే ఆడాలి. విన్నాక నాకు ఈ ఆట మీద గౌరవం పెరిగింది. మోకాలు నేలకు ఆనించి, సూదాకుల తడి ప్యాంటులోకి ఇంకుతుంటే, నేలకు అడుగెత్తున పక్కనుంచి విసిరాను. డిస్కు కొమ్మల కింది నుంచి బయటికి జారి, నేలను రాసుకుంటూ వెళ్లి బుట్టకు పదిహేనడుగుల దూరంలో ఆగింది. ఆ రోజు నా విసుర్లలో మంచిది ఏదంటే బర్చ్‌ల మధ్య పోయింది కాదు, ఇదే అంటాను. బాగా విసరడం ఒక ఎత్తు, చెడిన చోటు నుంచి బయటపడటం ఇంకో ఎత్తు. మైదానం కోర్సు ఈ రెండోది ఇంతగా అడగదట.

మా వెనక ఒక పెద్దావిడ ఒక్కరే ఆడుతూ వస్తుంటే ఆగి దారిచ్చాం. అరవై ఐదు దాటి ఉంటాయి. బ్యాగులో మూడే డిస్కులు. ఆవిడ విసురు 150 అడుగులు మించదు. కాని ప్రతిసారీ దారి నడిబొడ్డునే పడేది. ఆ హోల్‌ను మావాడి కంటే ఒకటి తక్కువలో పూర్తిచేసి, మాకు నవ్వుతూ చెయ్యి ఊపి వెళ్లిపోయింది. మావాడు ఆవిడ వెళ్లినవైపే చాలాసేపు చూశాడు.

రెండు హోల్స్ తర్వాత నా డిస్కు ఆకుల్లో పడి మాయమైంది. వెతకడానికి మూడు నిమిషాలే టైము. ఆ తర్వాత పోయినట్టే, ఒక విసురు జరిమానా. మూడు నిమిషాలూ నాకు ఒకటే టెన్షన్. చెట్లనల్లుకున్న ఎర్రటి తీగల దగ్గరికి మాత్రం పోవద్దన్నాడు మావాడు. మూడేసి ఆకుల పాయిజన్ ఐవీ అది, తగిలితే వారాల తరబడి దురద. చివరికి గులాబీ అంచు ఒకటి, చిటికెన వేలి గోరంత, మేపుల్ ఆకుల కింద మెరిసింది. అక్కడ పసుపు డిస్కయితే ఎప్పటికీ దొరికేది కాదు.

చివరి హోల్ అయ్యేసరికి ఎండ పల్చబడింది. కారు దగ్గర షూలు విప్పి, ప్యాంటు అంచులు, మేజోళ్లు, మోకాళ్ల వెనక అంతా చూసుకున్నాం. నువ్వు గింజంత ఉండే జింక గోమార్లు ఇక్కడ లైమ్ జబ్బు తెస్తాయి, అక్టోబరులోనూ ఉంటాయి. ఇద్దరికీ ఏం లేదు.

మావాడు కారు డిక్కీలో బ్యాగు పెడుతూ, "ఏ హోల్ మళ్లీ ఆడాలనుంది మావయ్యా?" అన్నాడు.

"ఆ రాతి గోడది."

ఆకాశం వైపు చూశాడు. అరగంట వెలుతురు ఉందన్నాడు. నేను అప్పటికే షూ లేసులు మళ్లీ కట్టుకుంటున్నాను.