షుగరు మాత్ర, ఒంటి మీద పొక్కులు

మా పెద్దనాన్నగారికి డెబ్బై నాలుగో ఏట ఒళ్ళంతా దురద మొదలైతే, రెండు నెలలపాటు దాన్ని ఎండల పుణ్యమే అనుకున్నాం. తరువాత ముంజేతుల మీదా తొడల మీదా పొక్కులు లేచాయి. ఒక్కొక్కటీ తాటిముంజెలా నీరు నిండి, బిగువుగా, వేలితో తాకినా చితకకుండా ఉండేది. సర్పి అనుకుని జేగురు పూయించమన్న చుట్టాలూ ఉన్నారు. కాని సర్పి సాధారణంగా ఒంటికి ఒక పక్కనే పట్టీలా వస్తుంది, ఇవి రెండు పక్కలా వచ్చాయి.

చర్మవైద్యురాలు పొక్కు అంచు నుంచి ఒక ముక్క, దాని పక్కన మామూలుగా కనిపించే చర్మం నుంచి మరో ముక్క తీసి వేర్వేరు సీసాల్లో వేశారు. రెండోదాన్ని ఫార్మలిన్ అనే నిల్వ ద్రవంలో వేస్తే, చర్మంలో చేరిన యాంటీబాడీలను వెలుగులో చూపే ఇమ్యునోఫ్లోరసెన్స్ పరీక్షకు పనికిరాదట. జబ్బు బుల్లస్ పెంఫిగాయిడ్ అని తేలింది. పైచర్మాన్ని కింది పొరకు అతికించి ఉంచే బీపీ180 వంటి ప్రోటీన్ల మీద శరీరమే యాంటీబాడీలను తయారుచేయడంతో ఆ అతుకు ఊడి, మధ్యలో నీరు చేరుతుంది. పెంఫిగస్ అనే జబ్బు నుంచి దీన్ని 1953లో వాల్టర్ లీవర్ వేరుచేసి చూపారు.

మందుల గురించి అడిగినప్పుడు మేము ఆ నెలలో వాడినవే చెప్పాం. ఆమె పాత చీటీలన్నీ తెమ్మన్నారు. ఏడాదిన్నరగా పూటకొకటి చొప్పున వేసుకుంటున్న షుగరు మాత్రలో మెట్‌ఫార్మిన్‌తోపాటు విల్డాగ్లిప్టిన్ ఉంది. ఈ కోవకు చెందిన షుగరు మందులైన గ్లిప్టిన్లకూ ఈ జబ్బుకూ సంబంధం ఉన్నట్టు పలు దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. వాటిలో విల్డాగ్లిప్టిన్ పేరే ఎక్కువగా వినిపిస్తుంది. 2019 డిసెంబరులో దాని పేటెంటు ముగిశాక మన దేశంలో ఎన్నో కంపెనీలు దాన్ని చవకగా, తలా ఒక పేరుతో అమ్ముతున్నాయి కాబట్టి, వేసుకునేవారికి అసలు మందు పేరు తెలియకపోవడంలో వింత లేదు.

"ఏడాదిన్నర పడిన మందు ఇప్పుడెందుకు పడదమ్మా?" అన్నది పెద్దనాన్నగారి ప్రశ్న. మందు దద్దురులా ఇది వారం పది రోజుల్లో బయటపడదు. నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాటాక వస్తుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. గ్లిప్టిన్ వాడేవారిలో అత్యధికులకు ఇది రాదు కనుక, ఇది చదివి ఎవరూ మాత్రను సొంతంగా మానేయవద్దు. పొక్కులు కనిపిస్తే చీటీలు పట్టుకుని వైద్యుల దగ్గరకు వెళ్ళండి.

ఆ మాత్ర ఆపి, క్లోబెటసాల్ పూతా ప్రెడ్నిసొలోన్ మాత్రలూ ఇచ్చారు, రెండూ స్టెరాయిడ్లే. ప్రెడ్నిసొలోన్‌తో షుగరు పెరిగి కొన్నాళ్ళు ఇన్సులిన్ తప్పలేదు. మాత్ర ఆపడం, స్టెరాయిడ్ మొదలుపెట్టడం ఒకేసారి జరిగాయి కాబట్టి, పొక్కులు తగ్గింది మాత్ర ఆపినందుకా, స్టెరాయిడ్ వల్లనా అన్నది మా ఒక్క ఇంటి అనుభవంతో తేలదు. ఇప్పుడు మాత్రం పెద్దనాన్నగారు మందుల షాపులో భూతద్దం పెట్టి, అట్ట వెనకున్న చిన్న అక్షరాల్లో 'గ్లిప్టిన్' అన్న తోక ఉందేమో చూసుకున్నాకే డబ్బులిస్తున్నారు.