రాతి బొమ్మకి విషం ఎక్కిందన్నారు: వార్‌హామర్ క్లబ్బులో రూల్ మార్పించుకున్న నా అనుభవం

నిన్న రాత్రి క్లబ్ కమిటీ నుంచి మెయిల్ వచ్చింది, రాతి బొమ్మల మీద విషం పనిచేయకూడదన్న నా రూల్ పాసయింది. ఆ వేడి మీదే రాసేస్తున్నా, ఇంకెవరైనా ఇలాంటి గొడవలో ఉంటే పనికొస్తుంది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. వార్‌హామర్ ఫాంటసీ అంటే టేబుల్ మీద చిన్న బొమ్మల సైన్యాలు పేర్చి, టేపుతో అంగుళాలు కొలిచి, డైస్ వేసి ఆడే యుద్ధం. 1983లో ఇంగ్లండ్‌లో పుట్టింది. ఇక్కడ మా క్లబ్బువాళ్లు ఇప్పటికీ 2010లో వచ్చిన 8వ ఎడిషనే ఆడతారు. నాది టూంబ్ కింగ్స్ సైన్యం. నెహెఖారా అనే ఎడారి దేశం, నాగాష్ అనే మాంత్రికుడి పుణ్యమా అని జనమంతా చచ్చి అస్థిపంజరాలై లేచారు. వాళ్ల పూజారులు చచ్చిన వీరుల ఆత్మల్ని రాతి విగ్రహాల్లో బంధించి యుద్ధానికి నడిపిస్తారు. అందులో వార్‌స్ఫింక్స్ అని సింహం ఒంటికి మనిషి తల ఉన్న పెద్ద విగ్రహం ఉంటుంది, దాని టఫ్‌నెస్ (గాయపరచడం ఎంత కష్టమో చెప్పే అంకె) 8. నేను దాని రాయి మీద పగుళ్లు కూడా ఒక్కొక్కటి సన్న బ్రష్షుతో గీసుకున్నా.

క్లబ్ టోర్నమెంట్‌కి పేరివ్వడం, ఆర్మీ లిస్ట్ (ఏ బొమ్మకి ఎన్ని పాయింట్లు ధర కట్టి సైన్యం పేర్చామో రాసింది) పంపడం, పెయింటింగ్ చెక్, అన్నీ ఇట్టే అయిపోయాయి. అసలు కథ రెండో గేములో.

అవతలాయనవి లిజర్డ్‌మెన్. స్కింకులని బుడ్డ బల్లి మనుషులు, చేతిలో ఊదుడు గొట్టాలు, 12 అంగుళాల దూరం నుంచి విషం పూసిన ముళ్లు ఊదుతాయి. నా స్ఫింక్స్ చుట్టూ చేరాయి. ఆయన గుప్పెడు డైస్ వేసి అందులో 6 పడ్డవన్నీ పక్కకి తీసి, "ఇవి పాయిజన్, సూటిగా గాయమే, నీ సేవ్ వేసుకో" అన్నాడు (సేవ్ అంటే గాయం తప్పించుకోడానికి వేసే డైస్). రూల్ ప్రకారం కరెక్టే. ముల్లు తగిలిందో లేదో చూసే డైస్‌లో 6 పడితే ఇంక గాయమైందో లేదో చూసే రెండో డైస్ వేయక్కర్లేదు, టఫ్‌నెస్ ఎంతున్నా ఒకటే. అదే పాయిజన్ లేకపోతే నా విగ్రహానికి గాయం కావాలంటే ఆ ముల్లుకి మళ్లీ ఇంకో 6 పడాలి. నా సేవ్‌లు పడలేదు, రెండు టర్నుల్లో విగ్రహం పోయింది.

నేను జడ్జిని పిలిచి అడిగింది ఒకటే: రక్తం లేదు, నరం లేదు, ప్రాణమే లేదు, రాయికి విషం ఎక్కడికి ఎక్కుతుంది, దీనికి క్లబ్బులో ఏమన్నా హౌస్ రూల్ (క్లబ్బు సొంతంగా పెట్టుకున్న రూల్) ఉందా అని. ఉంది, లేదు అని చెప్తే సరిపోయేది. ఆయన రూల్‌బుక్ తెరిచి ఆ పేరా హాలంతా వినిపించేలా చదివి, "రాయికి తప్ప అని ఎక్కడన్నా ఉందా? కథలు కావాలంటే ఇంటికెళ్లి నవల చదువుకో" అన్నాడు. చుట్టుపక్కల టేబుళ్లవాళ్లు తిరిగి చూసి నవ్వారు. చేతిలో టేపు పట్టుకుని నిలబడిపోయా, ముఖం మండిపోయింది. పైగా చదరంగంలో గుర్రం అలా ఎందుకు దూకుతుందని ఎవరన్నా అడుగుతారా అన్నాడు. అడగరు సార్, ఎందుకంటే చదరంగం డబ్బాలో గుర్రం ఏ ఊరిదో ఎవరి శాపంతో పుట్టిందో రాసిన పుస్తకం ఉండదు, ఇక్కడ ఆ చరిత్రా ఈ రూల్సూ ఒకే పుస్తకంలో అచ్చేసి అమ్మారు, ఆ చరిత్ర నచ్చే కదా మేం కొన్నది అని గట్టిగానే చెప్పా. ఆయన వినకుండా పక్క టేబుల్‌కి వెళ్లిపోయాడు. జడ్జి కుర్చీలో కూర్చున్నవాడికి రూల్ చదవడం వస్తే చాలదు, అడిగినవాడి మర్యాద కాపాడటం కూడా రావాలి.

క్లబ్బులో మేం ఖమ్మం అన్న అని పిలిచే ఒకాయన ఉన్నారు. ఇంటికెళ్లేప్పుడు కార్లో "వదిలేయ్ తమ్ముడూ, బొమ్మల కోసం ఇంత అవసరమా" అన్నారు. వదలను అన్నా, అని చెప్పా. అప్పుడాయన అసలు పాయింట్ చెప్పారు: "ఆ స్కింకుల ధరలో విషం ఖరీదు కూడా కలిపే ఉంది కదా, నువ్వు రాయికి విషం లేదంటే అవతలోడు కట్టిన పాయింట్లు నీళ్లపాలే, వాడెందుకు ఒప్పుకుంటాడు?" ఈ మాట జడ్జి చెప్పుంటే అక్కడే కూర్చుని ఒప్పుకునేవాడిని.

అందుకే కమిటీకి రాసిన మెయిల్‌లో "ఇది లాజిక్ కాదు" అని ఎక్కడా రాయలేదు, అలా రాస్తే మొదటి లైన్‌లోనే పక్కన పెడతారు. రాతి విగ్రహాల మీద, అస్థిపంజరాల మీద పాయిజన్ పనిచేయకూడదు, మామూలుగా గాయానికి డైస్ వేయాలి, దానికి బదులు పాయిజన్ ఉన్న ఆటగాడికి 100 పాయింట్లు అదనంగా ఇవ్వాలి అని రాశా. నా సైన్యంలో టూంబ్ స్కార్పియన్ అనే తేలు బొమ్మకీ విషం ఉంది, అది వాంపైర్ కౌంట్స్ అనే ఇంకో సైన్యం అస్థిపంజరాల మీద పనిచేయకపోయినా నాకు ఓకే అని కూడా రాశా. ఈ లైనే ఓట్లు తెచ్చిందని అన్న చెప్పారు. మీరు రాసినా మీకు నష్టం వచ్చే ముక్క ఒకటి కచ్చితంగా పెట్టండి. ఇంకోటి, గేమ్ మధ్యలో జడ్జిని అడగడం దండగ, లిస్ట్ పంపేటప్పుడే మెయిల్‌లో అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

కమిటీ రెండు మీటింగులు నానబెట్టి చివరికి ఒప్పుకుంది, కాకపోతే కథ ప్రకారం నడిచే కాంపెయిన్ గేములకి మాత్రమే. టోర్నమెంట్‌లో పాత రూలే. కాబట్టి అక్కడికి ఈసారి స్ఫింక్స్‌ని తీసుకెళ్లట్లేదు, ఆ పాయింట్లతో రథాలు దింపుతున్నా.