ఎండిన కావేరి గట్టున, తిరువయ్యారులో

ఆర్కిటెక్చర్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి మా బ్యాచ్ ఎంచుకున్న ఊరు తిరువయ్యారు. త్యాగరాజస్వామి సమాధి ఉన్న కావేరి గట్టును కొత్తగా డిజైన్ చేయాలి. మే నెలలో బెజవాడ నుంచి తంజావూరు దాకా రైల్లో వెళ్లి, అక్కడ బస్సెక్కి, 13 కిలోమీటర్లే కాబట్టి తొందరగానే దిగిపోయాం.

గట్టెక్కి చూస్తే అంతా ఇసుక. మెట్టూరు డ్యాం నీళ్లు మామూలుగా జూన్ 12న వదులుతారు, అందాకా ఏటిలో పిల్లలు క్రికెట్ ఆడుకుంటుంటారు. ఒకచోట గర్జిస్తూ, ఒకచోట నిండు కరుణతో నడిచిపోయే కావేరిని చూడండని ఆసావేరి రాగంలో త్యాగయ్య పిలిచింది ఈ నదినే కదా అనుకుంటే ప్రాణం ఉసూరుమంది. ఎండినప్పుడూ నిండినప్పుడూ పనికొచ్చే గట్టు కావాలి, మా పనంతా అక్కడే ఉంది.

పుష్య మండపం రేవులో టేపు పట్టుకుని మెట్లు కొలుస్తుంటే ఒక పెద్దావిడ వచ్చి పక్కన కూర్చుంది. నీళ్లొచ్చాక కింది మెట్లు కనబడవట, కాలితో తడుముకుంటూ దిగాలట, "పట్టుకోడానికి ఒక గొలుసు వేయించండయ్యా, చాలు" అంది. తమిళం వచ్చిన మా చిత్తూరు ఫ్రెండ్ చెబుతుంటే ఆ మాట స్కెచ్‌బుక్కులో మొదటి పేజీలోనే రాసుకున్నాను.

సమాధి దగ్గర నన్ను కదలనివ్వంది మాత్రం గాయని బెంగళూరు నాగరత్నమ్మ. ఏటా త్యాగయ్య పేరున ఇక్కడ జరిగే ఆరాధనలో ఆడవాళ్లను పాడనివ్వని రోజుల్లో పట్టుబట్టి పాడింది, తన సొమ్ముతో స్వామికి గుడి కట్టించింది. ఆవిడ సమాధీ అక్కడే ఉన్నా వచ్చినవాళ్లలో చాలామంది అటు చూడకుండానే వెళ్లిపోతున్నారు! అందుకే నేను గీసిన ప్లాన్‌లో ఏటికి వెళ్లే దారి ఆవిడ ముందు నుంచే సాగుతుంది.

రాత్రి లాడ్జిలో పెద్ద వాదనే జరిగింది. రంగుల లైట్లు, ఫుడ్ కోర్టు పెడదామని కొందరు. నాకు ససేమిరా ఇష్టం లేదు, త్యాగయ్య పంచరత్న కీర్తనలు అందరూ కలిసి పాడే చోట స్పీకర్ల మోత ఏంటి? వెడల్పు మెట్లు, వేపచెట్ల నీడ, ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదులు, ఆ గొలుసు, ఇవి ముందు కావాలి. చివరికి ఫుడ్ కోర్టు ఊరి వైపుకి జరిగింది, లైట్ల సంగతి ఇంకా తేలలేదు.

నీళ్లు వదిలాక మళ్లీ వెళ్లి మట్టాలు గుర్తు పెట్టుకోవాలి. ఈలోగా, ఆరాధనకి వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే, పందిట్లోంచి ఏటి ఒడ్డుకి జనం ఎటునుంచి నడుస్తారో, ఎక్కడ ఇరుకవుతుందో చెప్పండి. ప్లాన్‌లో ఆ భాగం ఇంకా ఖాళీగానే ఉంది.