అమ్మ గదికి రెండు కుండీలు

ఆదివారం. పొద్దున్నే అమ్మ గదిలోంచి ఫెర్న్ కుండీ బయటికి తెచ్చేశాను. ముట్టుకుంటే చాలు, ఆకులు కాల్చిన అప్పడంలా పొడి పొడి అయిపోయాయి. నవంబరులో కొన్నది ఇది. దీనికంటే ముందు అరెకా పామ్ పోయింది, దాని తర్వాత పీస్ లిల్లీ. ఒకే గదిలో మూడు మొక్కలు పోయేసరికి చాలా బాధేసింది. పోయిన మొక్కలో తప్పు లేదు. ఆ గదికి సరిపడని మొక్కను తెచ్చింది నేనే.

మాది మహారాష్ట్రలోని బల్లార్పూర్‌లో పాత క్వార్టర్. మధ్య గది అమ్మకిచ్చాం. ఉన్నది ఒక్కటే కిటికీ, అదీ ఉత్తరం వైపు. హోలీ దాటగానే ఆ కిటికీకి కూలర్ బిగిస్తాం, ఇక వానలు పడేదాకా ఆ గదికి వెలుతురంటే వరండా తలుపులోంచి వచ్చిందే. ఎండాకాలం ఇక్కడ 46, 47 డిగ్రీలు కొత్తేమీ కాదు. మన రోహిణి కార్తెలో మొదటి తొమ్మిది రోజుల్ని ఇక్కడి వాళ్లు నవతపా అంటారు. పేరేదైనా రోళ్లు పగిలే ఎండే. అప్పటికి ఇంకా మూడు నెలలు ఉన్నా, గాలి మాత్రం ఇప్పుడే ఎండిపోయింది. తడి తువ్వాలు ఆరేస్తే గంట పట్టడం లేదు. ఆకుల్లోని తడిని కూడా ఆ గాలి అలాగే లాగేస్తుంది.

అమ్మది మంథని దగ్గర పల్లె. మోకాలి ఆపరేషన్ అయ్యాక మా దగ్గరికి వచ్చింది. వాకిట్లో మందారం, కనకాంబరం, గన్నేరు మధ్య అరవై ఏళ్లు బతికిన మనిషి. ఇక్కడ మంచం మీద కూర్చుంటే ఎదురుగా కనిపించేది సున్నం గోడ. "పచ్చగ ఏదన్న కనబడితే పానం నిమ్మళంగ ఉంటది బిడ్డా" అని ఒకసారి అంది. మళ్లీ అడగలేదు. అడగకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

అందుకే ఈసారి నర్సరీకి పోయే ముందు గదిని చూద్దామనుకున్నాను. పాత క్యాలెండర్ కాగితం ఒకటి చించి, తెల్ల వైపు పైకి ఉండేలా అమ్మ మంచం పక్కన స్టూలు మీద పరిచాను. మధ్యాహ్నం పన్నెండింటికి లైటు ఆర్పి, కాగితానికి ఒక అడుగు పైన చెయ్యి పట్టాను. నీడ అంచు స్పష్టంగా పడితే వెలుతురు బాగున్నట్టు. మసకగా, చెయ్యి ఆకారం మాత్రమే తెలిస్తే తక్కువ వెలుతురు. నీడే పడకపోతే అక్కడ ఏ మొక్కా పెట్టకూడదు. స్టూలు మీద నీడ అసలు పడలేదు. కిటికీ వైపు రెండడుగులు జరిపితే వేళ్లు మసగ్గా కనిపించాయి, గూట్లో కాస్త నయం. మన కళ్లు చీకటికి సర్దుకుంటాయి కాబట్టి గది వెలుతురుగానే ఉందనుకుంటాం. మొక్కకు ఆ వీలు లేదు. కిటికీ నుంచి నాలుగడుగులు వెనక్కి జరిగితే వెలుతురు సగం కంటే చాలా తక్కువైపోతుంది. అరెకా పామ్‌ని నేను పెట్టింది అలాంటి మూలలోనే.

వార్ధా వంతెన దాటి రాజురా వైపు పోయే దారిలో ఒక నర్సరీ ఉంది. అది నడిపే ఆయనకు మరాఠీతో పాటు తెలుగు కూడా బాగా వచ్చు. రాజురా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది కాబట్టి అటువైపు మన భాష వింటే నాకు వింత అనిపించదు. "తాయీ, క్రోటన్ తీసుకోండి, రంగులు బాగుంటాయి" అన్నాడు. క్రోటన్‌కు ఆ రంగులు నిలవాలంటే మంచి వెలుతురు కావాలి. వద్దన్నాను. "దాదా, చీకటి గది, ఎండు గాలి, పెద్దావిడ చూసుకుంటూ కూర్చునేది" అని ఉన్నదున్నట్టు చెప్పాను. అప్పుడు ఆయన లోపలికెళ్లి స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్ పట్టుకొచ్చాడు.

జీజీ మొక్కను కుండీలోంచి ఒకసారి తీసి చూపించమని అడిగాను. ప్లాస్టిక్ కుండీ నొక్కి బోర్లించాడు. మట్టిలో బంగాళదుంపల్లాంటి గుండ్రటి దుంపలు నాలుగు, వాటి చుట్టూ తెల్లటి లావు వేళ్లు. నీళ్లు దాచుకునేది అందులోనే. ఇది తూర్పు ఆఫ్రికా మొక్క, అక్కడ నెలల తరబడి వాన ఉండదు. ఆ దుంపలు చూశాక మా గదిలో ఇది బతుకుతుందన్న ధైర్యం వచ్చింది. స్నేక్ ప్లాంట్ కూడా అలాంటిదే. పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటుంది, అందుకే తడి వృథా కాదు. రాత్రిపూట ఆక్సిజన్ ఇస్తుందన్న మాట బహుశా ఇక్కడి నుంచే పుట్టి ఉంటుంది. ఆక్సిజన్ తయారీకి వెలుతురు కావాలి, రాత్రి ఎక్కడి నుంచి వస్తుంది?

ఇది రాయకుండా ఉండలేను. ఇక్కడ బొగ్గు గనులు, పవర్ ప్లాంటు ఉన్నాయని గాలి శుభ్రం చేసుకోడానికి మొక్కలు కొంటున్న వాళ్లు మా లైన్‌లోనే ఇద్దరున్నారు. మొక్కలు గాలిని శుభ్రం చేస్తాయనడానికి అందరూ చూపించే 1989 నాటి నాసా పరీక్ష మూసేసిన చిన్న పెట్టెల్లో చేసింది. 2019లో ఇలాంటి పరీక్షలన్నీ కలిపి లెక్క కడితే, కిటికీలోంచి వచ్చే గాలి చేసే పని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1,000 మొక్కలు కావాలని తేలింది. ఉబ్బసం ఉన్న పిల్లాడి గదిలో నాలుగు కుండీలు పెట్టి నిశ్చింతగా ఉండొద్దని పక్కింటి అక్కకు చెప్పాను. అమ్మ గదిలో మొక్కలు అమ్మ కళ్ల కోసం, అంతే.

ఇంటికొచ్చాక అమ్మ మొదటి ప్రశ్న, "పువ్వు పుయ్యని చెట్టెందుకే?" స్నేక్ ప్లాంట్ ఆకు చేతికిచ్చాను. వేలితో అటూ ఇటూ రాసి, గోరుతో నొక్కి, "ఇది చాగ కదనే! మా నాయన దీని నార తీసి పగ్గాలు పేనేటోడు" అంది. సరిగ్గా అదే కాదు గానీ దాని చుట్టమే. ఆ ఒక్క మాటతో కుండీ పరాయిది కాకుండా పోయింది.

తర్వాత పాత మొక్కల సంగతి చూశాను. వరండాలో ఉన్న మనీ ప్లాంట్ కూడా పసుపెక్కింది, తీసి చూస్తే వేళ్లు గోధుమరంగులో జారుతున్నాయి, మురుగు వాసన. ఇది నీళ్లు తక్కువై కాదు, ఎక్కువై. వెలుతురు తక్కువైతే మొక్క నీళ్లు తాగడం కూడా తగ్గిస్తుంది. ఆకు వాలితే నేనేమో ఇంకో చెంబు పోస్తూ వచ్చాను. మట్టి మీద తెల్లటి పొర కూడా కట్టింది, బోరు నీళ్లలోని ఉప్పు. కుళ్లినవి కత్తిరించి, కణుపులున్న మూడు తీగలు సీసాలో పెట్టాను. ఇకనుంచి వేలు రెండు కణుపుల లోతు దించి, మట్టి పొడిగా ఉంటేనే నీళ్లు. జీజీకి ఇంకా ఆలస్యంగా.

పక్కింటి పాప పాకుతూ వస్తుంది కాబట్టి జీజీని గూట్లో ఎత్తున పెట్టాను. మనీ ప్లాంట్, జీజీ రెండూ చేమ కుటుంబమే. పచ్చి చేమదుంప నోట్లో పెట్టుకుంటే ఎలా దురద, మంట పుడుతుందో వీటి ఆకు కొరికినా అంతే.

సాయంత్రం తడిగుడ్డ ముంచి స్నేక్ ప్లాంట్ ఆకులు ఒక్కోటి అడుగు నుంచి కొసదాకా తుడిచాను. గుడ్డ నల్లగా అయింది. నర్సరీ రోడ్డు పక్కన కదా, బొగ్గు లారీల దుమ్ము అంతా ఆకుల మీదే. తక్కువ వెలుతురున్న గదిలో ఈ దుమ్ము ఉన్న వెలుతురును కూడా అడ్డుకుంటుంది. వారానికోసారి తుడిచే పని తనదని అమ్మ అంది. కూర్చునే చేయొచ్చు, మోకాలికి ఇబ్బంది ఉండదు.

కూలర్ పెట్టాక ఏం చేయాలని మా ఆయన అడిగాడు. స్నేక్ ప్లాంట్‌లో రెండు మొలకలున్నాయి, వాటిని రెండు కుండీలు చేస్తాను. ఒకటి మూడు వారాలు గదిలో, ఇంకోటి వరండాలో నీడపట్టున, తర్వాత మార్పు. గని షిఫ్టుల్లాగే అని ఆయన అన్నాడు. కూలర్ గాలి నేరుగా తగలకుండా గదిలో దాని చోటు తలుపు దగ్గర.

రాత్రి లైటు ఆర్పేముందు అమ్మ అడిగింది, "ఇయ్యాల నీళ్లు పొయ్యాల్నా?"

"వద్దమ్మా. వచ్చే ఆదివారం వేలు పెట్టి చూద్దాం."

క్యాలెండర్‌లో ఆ ఆదివారం చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టింది.